తేడా లేని కొలత

"ఈ సర్వే మ్యాపులో ఒక్క పొరపాటు కూడా లేదు. అందుకే సంతకం పెట్టను," అంది తనిఖీ అధికారిణి, కంప్యూటర్ తెరను పై అధికారి వైపు తిప్పుతూ.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "పొరపాటు లేకపోవడం కూడా నేరమేనా తల్లీ?"

"బయలుదేరిన సర్వేరాయి దగ్గరికే కొలుచుకుంటూ తిరిగివస్తే గోరంతైనా తేడా రావాలి సార్. ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది, మనిషి చెయ్యి ఉంటుంది. ఇక్కడేమో వీధంతా చుట్టివచ్చినా తేడా సున్నా. ఇది వీధిలో కొలిచింది కాదు, కుర్చీలో కూర్చుని అల్లింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ సర్వేయరు మెడ రుద్దుకున్నాడు.

"ఏ మిషనుతో కొలిచావయ్యా?" అని అతన్ని అడిగింది.

"ఆఫీసుదే మేడమ్."

"అయితే అసలు కొలతలు అందులో ఉండాలిగా. చూపించు."

"చెరిగిపోయాయండీ."

"మిషన్లో చెరిగిపోయి, మ్యాపులో మాత్రం ముత్యాల్లా మిగిలాయా?"

పై అధికారి లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఈ గీత ఖాయమైతే రోడ్డు పడుతుంది. కూలేది ఆ దర్జీ కొట్టొక్కటే. వాడే నోరు మెదపలేదు, మధ్యలో నీకెందుకు? సంతకం పెడితే నీకే మంచిది."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నాను."

"నాకు రెండూ ఒకటే. ఈ మ్యాపు ఎక్కడ పుట్టిందో తేలందే నా సంతకం పడదు. కావాలంటే నన్నీ సీట్లోంచి లేపేయండి. లేచేలోగా మాత్రం వీధి కొలిచి తీరతాను."

కొలిచింది. తానే మిషను దగ్గర నిలబడి, సర్వేయరును రాయి నుంచి రాయికి తిప్పింది. చుట్టు పూర్తయ్యేసరికి పెన్సిలు మందమంత తేడా వచ్చింది.

"ఇదీ కొలతంటే!" అంది.

ఆ కొలతలతో వేసిన రోడ్డు గీత దర్జీ కొట్టును తాకనే లేదు. వీధికి ఆవలి వైపున్న మేడ ముందుగదిని చీల్చుకుంటూ సాగిపోయింది. దర్జీ కుట్టుపని వదిలి బయటికి వచ్చి, నమ్మలేనట్టు తన కొట్టు గోడను తడిమి చూసుకున్నాడు.

మేడలోంచి ఒక పెద్దాయన ఊగిపోతూ వచ్చాడు. "ఎవరు కొలవమన్నారు నిన్ను? మ్యాపులో నా ఇల్లు క్షేమంగా ఉందని నిన్ననే చెప్పారే!"

"చెప్పినవాళ్ళు కొలవలేదు."

"ఇంకా మించిపోయింది లేదు," అన్నాడు వెంట వచ్చిన పై అధికారి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించి. "పాత ఫైలు అలాగే ఉంది."

ఆమె బ్రష్షును ఎర్రరంగులో ముంచి, మేడ గోడమీద నిలువునా గీత గీసింది. గీత ఎక్కడా వంకరపోలేదు.

"కోర్టుకెక్కుతాను!" అరిచాడు పెద్దాయన.

"ఎక్కండి. నా కొలతలు అక్కడికీ వస్తాయి," అంది ఆమె, బ్రష్షు డబ్బా మీద ఆనిస్తూ. "ముందు అమ్మతో చెప్పండి నాన్నా, ఆ ముందుగదిలోంచి నా మంచం, పుస్తకాలు లోపలికి జరిపించమని."