ముందే నింపిన గడులు

జమ్మలమడుగు రోడ్డు మీద పోయే బండ్లను రకాలవారీగా లెక్కపెట్టడం ఓబులేసు పని. ఎవడొచ్చి చూస్తాడులే అని, రాత్రి ఒంటిగంటకే లెక్క కాగితంలో ఐదింటిదాకా ఉన్న గడులన్నీ తోచిన అంకెలతో నింపి పడుకున్నాడు. దోమలు నిద్ర పట్టనివ్వలేదు.

రెండు గంటలలోపు మూడు లారీలు, ఒక ఆటో పోయాయి. కాగితంలోనూ అంతే ఉంటే నవ్వుకున్నాడు. మూడు దాటాక ఎద్దులబండి ఒకటి పోయింది. ఈ రోడ్డు మీద ఎద్దులబండి చూసి ఏళ్లయింది. ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఒంటిగంటకే ఊరికే ఒకటి వేసి ఉన్నాడు.

నాలుగింటికి మేనల్లుడు హరికృష్ణ ఫోన్ చేశాడు. తర్వాతి డ్యూటీ అతనిదే.

"ప్రొద్దుటూరులో బైకెక్కినా మామా. అర్ధగంటలో ఆడుంటా."

ఓబులేసు టార్చి వేసి నాలుగు నుంచి ఐదు దాకా ఏం రాశాడో చూశాడు. బైకులు సున్నా. లారీ ఒకటి.

"ఆడనే ఉండప్పా, రావద్దు," అన్నాడు. ఫోన్ అప్పటికే కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నాలుగున్నరకు ప్రొద్దుటూరు వైపు నుంచి ఒక్క లైటు కనిపించింది. ఓబులేసు ఊపిరి పీల్చుకుని, సున్నా కొట్టేసి ఒకటి వేశాడు.

లైటు దగ్గరికొచ్చింది. అది లారీ. దాని రెండో లైటు అప్పుడే పగిలినట్టుంది.