మంచు మీద వచ్చిన ముత్తవ్వ

ఆకాశాన్ని కొరుకుతున్నట్టు కోరలాంటి శిఖరం ఒకటుండేది. ఒకప్పుడు అది సముద్రపు అడుగనీ, రెండు నేలలు ఢీకొని అంతెత్తుకు లేచిందనీ, తమ ముత్తవ్వ గుల్ల ఇంకా అక్కడి రాతిలోనే ఉందనీ గుండ్రమ్మ అనే పిల్లనత్తకి వాళ్లమ్మ చెప్పింది. అంతే, కాళ్లు లేకపోయినా దానికి కాలు నిలవలేదు. చలికి గుల్ల మూసుకుని పడుకునేలోగా ముత్తవ్వని చూసి తీరాలనుకుంది.

కొండ మీదనుంచి గడ్డకట్టిన నదిలా దిగిన మంచు నున్నగా కనిపించేసరికి, దారి భలే ఉందనుకుని ఎక్కేసింది. ఒకటే పాకడం, ఒకటే పాట. పక్క బండ మీద నెమరేస్తున్న కొండ మేకపోతు దాన్ని పొద్దున్నా అక్కడే చూసింది, సాయంత్రమూ అక్కడే చూసింది.

“ఏమే పిల్లా, ఎంతదాకా వచ్చావు?”

“సగం పైనే వచ్చేసుంటాను మావయ్యా.”

“నా గడ్డం ఎదురుగానే ఉన్నావే. నువ్వు పైకి పాకుతుంటే ఆ మంచు కిందికి పాకుతోంది. నీ నడకే దానిదీ. జోడీ భలే కుదిరింది” అని మేకపోతు పడీపడీ నవ్వింది.

గుండ్రమ్మ కొమ్ములు వాలిపోయాయి. అంతలోనే మళ్లీ లేచాయి.

“అయితే ఇది శిఖరం నుంచే వస్తోందా?”

“మరి? దాన్ని చెక్కి చెక్కి రాళ్లు మోసుకొస్తుంది.”

“అలాగైతే ఇక్కడే నడుస్తాను” అని గుండ్రమ్మ మళ్లీ పాట అందుకుంది.

చలిగాలి మొదలైన రోజున మంచు మీద ఊరేగుతూ ఒక రాయి ఎదురొచ్చింది. అందులో చుట్టలు చుట్టుకున్న గుల్ల. గుండ్రమ్మ దాన్ని కొమ్ములతో తడిమింది.

“సవారీ కట్టించుకుని మరీ వచ్చావా అవ్వా” అని, ఆ పక్కనే గుల్ల మూసుకుని పడుకుంది.

మంచు ఇద్దరినీ ఎత్తుకుని, మెల్లగా సముద్రం దారి పట్టింది.