తెల్లమచ్చ

“అక్కడే ఆగు మాణిక్యం. గేటు మీద చెయ్యి వెయ్యకు.”

చెరువు గట్టు మీద, షెడ్డు ముందు నిలబడి అరిచాడు పెద్దిరాజు. అరిచేసరికి గొంతు జీరపోయింది. దగ్గు తన్నుకొచ్చింది గానీ, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బలవంతంగా మింగేశాడు.

ఉప్పలగుప్తం రొయ్యల రైతుల్లో అతనంత చాదస్తపు మనిషి ఇంకొకడు లేడు. బ్లీచింగు నీళ్ళ తొట్టెలో కాళ్ళు ముంచకపోతే సొంత బావమరిదిని కూడా గట్టెక్కనివ్వడు. చుట్టుపక్కల ఏ చెరువులోనైనా రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలిందంటే ఇక చెప్పక్కర్లేదు, గేటుకి తాళం పడాల్సిందే. అందుకే అబద్ధం ఆడాల్సొచ్చినప్పుడు అతనికి చప్పున ఆ తెగులే తట్టింది. పక్క చెరువుకి తెల్లమచ్చ వచ్చింది, మన చెరువు దక్కాలంటే నేనిక్కడే కాపలా ఉండాలి, ఎవరూ ఇటు రావద్దు అని ఇంటికి ఫోను చేసి చెప్పేశాడు.

నిజానికి పక్క చెరువు నిక్షేపంగా ఉంది. రోగం వచ్చింది పెద్దిరాజుకే. అందరూ ఎప్పుడో మరిచిపోయిన కరోనా. పురిటికొచ్చిన కూతురు కీర్తి ఆడపిల్లను ఎత్తుకుని ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోజునే అతనికి ఒళ్ళు వెచ్చబడింది. అనుమానమొచ్చి, గడప తొక్కకుండానే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. మీకు పెద్ద భయం లేదు గానీ ఇంట్లో పసిగుడ్డు ఉంది, బాలింతరాలు ఉంది, షుగరున్న మీ ఆవిడ ఉన్నారు, తగ్గేదాకా విడిగా ఉండండి అని నర్సు విజయకుమారి గట్టిగా చెప్పింది. ఆవిడే ఒకప్పుడు బూస్టరు వేయించుకోండి అంటూ ఇంటి చుట్టూ తిరిగితే, మాస్కులు మూలన పడేశాక ఇంకా ఈ సూదులెందుకండీ అని మొగుడూ పెళ్ళాలిద్దరూ నవ్వారు. ఇప్పుడు ఆవిడ మొహం చూడాలంటే అతనికి సిగ్గేసింది.

మాణిక్యానికి మాత్రం చెప్పలేదు. చెబితే ఆవిడ ఇంట్లో ఒక్క క్షణం నిలవదు. పరుగెత్తుకొచ్చి ఇతని మంచం పక్కన కూర్చుంటుంది. ఆ ఒంటితో ఆవిడకి తగులుకుంటే ఏమవుతుందోనని అతని బెంగ.

మాణిక్యం గేటు అవతలే ఆగింది. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో పెద్ద గుడ్డసంచీ. మూతికి మాస్కు కూడా ఉంది. చెరువు దగ్గర జాగ్రత్తల విషయంలో ఇన్నాళ్ళకి తన మాట విన్నదని పెద్దిరాజు లోపల మురిసిపోయాడు.

“నాకు బట్టలు కూడా తెచ్చేవా? అక్కడ పెట్టేసి వెళ్ళిపో. తర్వాత తీసుకుంటాను.”

ఆవిడ పెట్టలేదు. ఎల్లుండి బారసాల పెట్టుకున్నాం, తాతగారు లేకుండా ఎలాగని అడిగింది. ఆడపిల్ల పుట్టిందని నాన్నకి అలక, అందుకే మొహం చూపించట్లేదని కీర్తి నిన్న ఒకటే ఏడుపట.

ఫోనులో వచ్చిన పసిదాని ఫొటో చూసుకుంటూనే పెద్దిరాజు పొద్దులు గడుపుతున్నాడు. అరచేతిలో ఇమిడిపోయే ఆ పాదాలని ఒక్కసారి ముట్టుకుంటే చాలు.

“దానికెవరి పోలికే?” అన్నాడు ఉండబట్టలేక.

“వచ్చి చూసుకోండి.”

“చెరువు వదిలి ఎలా వస్తాను?”

“మనవరాలి కంటే రొయ్యలెక్కువా అండీ?”

పెద్దిరాజు చెరువు వైపు తిరిగాడు. ఆవిడ మొహం చూస్తూ ఆ మాట అనడం అతని వల్ల కాదు.

“ఎక్కువే” అన్నాడు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆవిడ రెండూ చెయ్యలేదు. వియ్యపురాలు సువర్ణ పొద్దున్నే దిగిందనీ, పసిదానికి ఆవిడే నీళ్ళు పోసిందనీ తాపీగా చెప్పుకొచ్చింది. బారసాల ఎల్లుండైతే ఆవిడ ఇవాళే ఎందుకొచ్చిందో పెద్దిరాజుకి అర్థం కాలేదు. మంచిదే, కూతురికి ఇంకో చెయ్యి సాయం అనుకున్నాడు. చుట్టాన్ని ఇంట్లో వదిలేసి ఇక్కడ నిలబడితే ఏం బావుంటుంది, వెళ్ళమని కసిరాడు.

ఆ కసురుతోనే ఇందాక మింగిన దగ్గంతా ఒక్కసారి బయటపడింది. వంగిపోయి దగ్గాడు. తేరుకుని చూసేసరికి మాణిక్యం గేటు ఊచలు పట్టుకుని ఉంది.

“నీకు దండం పెడతాను మాణిక్యం, రావద్దు.”

“మీరు ఫోనులో దగ్గు మింగుతుంటే నాకు తెలీదనుకున్నారా?” అంది ఆవిడ మెల్లగా. “మీ నాన్నకి అలక కాదే, జ్వరం అని కీర్తికి చెప్పేను. ఎల్లుండి బారసాలన్నది మీ చేత నిజం చెప్పిద్దామనే, అది వాయిదా వేసేం. పొద్దున్న విజయకుమారి గారొచ్చి ముక్కులో పుల్ల పెట్టి చూసేరు. కీర్తికేం లేదు, పసిది హాయిగా నిద్రపోతోంది.”

పెద్దిరాజు గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు కనిపించింది అతనికి, ఆ గుడ్డసంచీలోంచి బయటికి వేలాడుతున్న ఆవిడ చీర చెంగు, దాని పక్కనే మందుల పొట్లం.

“మీ తెల్లమచ్చ నాకూ వచ్చిందండి. గేటు తియ్యండి.”