జిగురు మిగలకూడదు

ఆరింటి బండికి నాగబాబు వచ్చేస్తాడు. ఈలోగా బల్ల మీద జిగురు మిగలకూడదు, గదిలో వాసన ఉండకూడదు. నాలుగు కావస్తోంది.

పెళ్లి దండల్లోని పూలు ఎండబెట్టి, వాటి మీద రెసిన్ పోసి ఫ్రేములు చేయడం నాగబాబు పని. పోసేటప్పుడు రెసిన్ తేనెలా ఉంటుంది. మర్నాటికి అద్దంలా గట్టిపడుతుంది. పల్చగా అంటిన చోట మాత్రం రెండు రోజులైనా జిగురు వదలదు. ఆ బల్లా, ఆ కప్పులూ, ఆ అచ్చులూ ఇంకెవరూ ముట్టకూడదు. నిన్న పొద్దున తమ్ముడు అంజితో గుడివాడ వెళ్లాడో లేదో, సుచిత్ర వాటన్నిటినీ ముట్టుకుంది.

పోయినసారి థిన్నర్‌తో తుడిచి దొరికిపోయింది. రెండు రోజులు అన్నం తినలేదు మనిషి. మాటా లేదు. మళ్లీ అలాంటి రెండు రోజులు భరించే ఓపిక సుచిత్రకి లేదు. ఇంటెడు చాకిరీ చేసి, పైన ఈ దొంగపని! నడుం విరిగిపోతోంది.

కోనేరు సెంటర్ దగ్గర కొత్తగా పెట్టిన పెయింట్ల కొట్టుకి పరిగెత్తింది. జిగురు సంగతీ, రెసిన్‌లో కలిపే నీలం రంగు ఒలికి బల్ల మీద అరచెయ్యంత మరక పడిన సంగతీ చెప్పింది.

“ఎసిటోన్ ఇవ్వనా అమ్మా?” అన్నాడు కొట్టాయన కాంతారావు.

“బాబోయ్! గోళ్ల రంగు తీసే మందు వాసనే కదండీ అది. గుమ్మంలోనే పట్టేస్తారు మా ఆయన.”

“పోనీ, కొబ్బరినూనె రాసి తుడువు.”

“చేసి చూశానండి. కప్పులన్నీ జిడ్డోడుతున్నాయి.”

“అయితే సర్జికల్ స్పిరిట్ పట్టుకెళ్లు. ముందు పాత పేపరుతో తుడిచెయ్, తర్వాత స్పిరిట్, ఆ తర్వాత సబ్బునీళ్లు. కిటికీలు తీసిపెడితే గంటలో వాసన ఎగిరిపోతుంది. కానీ చెక్కలోకి దిగిన నీలం రంగు మాత్రం పోదు.”

“రంగు ఉంటే ఉండనివ్వండి బాబాయిగారూ.”

కాంతారావు నోరెళ్లబెట్టాడు. “అదేం తల్లీ! అరచెయ్యంత మరక చూసి ఊరుకుంటాడా?”

సుచిత్ర సీసా తీసుకుని గబగబా నడిచింది.

తుడిచింది. మళ్లీ తుడిచింది. కప్పుల అంచులు, కలిపే పుల్లలు, కత్తెర కాడలు, ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుని సబ్బునీళ్లలో కడిగింది. ఎక్కడ తీసినవి అక్కడే పెట్టింది. చేతులు మండిపోతున్నాయి. ఒక్క క్షణం గోడకి జారబడి ఏడ్చింది కూడా.

ఆరూ ఇరవైకి వాకిట్లో మాటలు వినిపించాయి. “వస్తా వదినా!” అని కేకేసి అంజి వెళ్లిపోయాడు.

నాగబాబు కాళ్లు కడుక్కుని తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లాడు. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చాడు. అతను అరచెయ్యి బల్ల మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు. కప్పు అంచు చుట్టూ వేలు తిప్పాడు.

“కత్తెర జరిగిందేంటి?”

“ఊడుస్తుంటే చీపురు తగిలి బల్ల కదిలిందండీ.”

“ఎవరూ కూర్చోలేదుగా ఇక్కడ?”

“ఎవరు కూర్చుంటారండీ! మీ బల్ల జోలికి నేనెందుకెళ్తాను?”

అతని మొహం తేటపడింది. కుర్చీలో వెనక్కి వాలాడు.

“మొన్న నేను పోసింది గట్టిపడే ఉంటుంది. ఇలా తే. ఉయ్యూరు వాళ్లకి రేపు ఇచ్చెయ్యాలి.”

పూలన్నీ ఓ మూలకి పోగుపడి, రెసిన్ అంచులు దాటి పొర్లిన అతని ఫ్రేమును మెల్లిగా బల్ల కిందకి తోసేసి, నిన్న తను పోసిన ఫ్రేమును అతని చేతుల్లో పెట్టి, ఏడాదిగా చూపు లేని ఆ కళ్ల వంక చూస్తూ, “మీ చెయ్యి ఎక్కడా తప్పలేదండీ” అంది సుచిత్ర.