ఎర్రయ్య ఇంటి పులుసు

అండమాన్‌లో ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ వంటయంత్రం ఉంది. తాతముత్తాతల ఊరేదో చెబితే చాలు, అక్కడి రుచి పొల్లుపోకుండా వండిపెడుతుంది. నీలవేణి శ్రీకాకుళం అని చెప్పింది.

ఆ వారం నుంచే ఆమె మామగారు ఎర్రయ్య తమ ఇంటిని గుర్తుపట్టడం మానేశాడు. మతిమరుపు ముందునుంచీ ఉన్నదే, కానీ ఇల్లు మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం యంత్రం చేసిన చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని, "కూర బాగుందమ్మా. ఇంక మా ఇంటికి ఎల్లిపోతాను. మా కోడలు ఎతుకుతాది," అన్నాడు.

"మీ కోడల్ని నేనే కదా మామయ్యా."

"దానికింత బాగా వండడం రాదులే."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. మనిషికి ఇల్లు గోడల్లో ఉంటుందా, నాలుక మీద ఉంటుందా అనుకుంది. మర్నాడు తనే పొయ్యి వెలిగించింది. ఎప్పుడో బర్మా నుంచి వచ్చి స్థిరపడ్డ కరెన్ తెగకు చెందిన పక్కింటావిడ ఇచ్చిన వెదురు మొలకలు, బెంగాలీల దగ్గర నేర్చిన ఆవముద్ద, పోయిన అత్తగారికి ఆవిడ నికోబారీ స్నేహితురాలు అలవాటు చేసిన కొబ్బరిపాలు, యంత్రం రాకముందులాగే అన్నీ పులుసులో పడ్డాయి.

ఎర్రయ్య మొదటి ముద్దకే ముఖం చిట్లించాడు. "ఉప్పెయ్యడం మరిసిపోనావేటి, నీలా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. అంతలో పులుసు వాసన పసిగట్టిన యంత్రం మర్యాదగా, "క్షమించాలి, ఇది ఎవరి వంటో తెలియడం లేదు," అంది.

"ఎవులమ్మా అది?"

"కొత్తగా వచ్చింది మామయ్యా."

"మరి అలగ నిలబెట్టేసినావేటి? దానికీ ఓ ముద్ద పెట్టు."