జగ్గయ్య తప్పులు

"మై ఫాదర్ తర్వాత 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా?" అడిగాడు సదాశివ సార్.

"ఆర్ రావాలె సార్. నాయిన వచ్చిండు అంటమా? నాయిన వచ్చిన్రు అంటం గదా," అన్నాడు చివరి బెంచీ మీది ముసలాయన.

ట్యూషనంతా గొల్లుమంది.

బెంచీకి ఆ చివర కూర్చున్న బాలమణి మాత్రం నవ్వలేదు. నిన్న తనూ అచ్చం అట్లాగే రాసి, సార్ చూడకముందే కొట్టేసింది.

అది 1979. జహీరాబాద్‌లో ఓ బట్టల దుకాణం మీది గదిలో, పదో తరగతి ఇంగ్లీషు తప్పినవాళ్లకు సదాశివ పొద్దున పూట ట్యూషన్ చెప్పేవాడు. నామవాచకం అంటే ఏమిటి, ఎస్ ఎక్కడ తగిలించాలి, ఈఎస్ ఎక్కడ తగిలించాలి అని పిల్లలతో వల్లె వేయిస్తుంటే కింద దుకాణంలో బేరాలు ఆగిపోయేవి. తన దగ్గర కూర్చుంటే గోడ కూడా పాసవుతుందని ఆయన ధీమా.

ఒక్క బాలమణి దగ్గరే ఆయన పప్పులు ఉడకలేదు.

ఆ పిల్ల రెండుసార్లు తప్పింది. రాక కాదు. తప్పవుతుందేమోనని రాసింది కూడా కొట్టేసి, ఖాళీలు ఖాళీగానే వదిలేసేది. ఏదైనా అడిగితే నేల చూపులు చూసేది. నర్సు కావాలని ఆమె ఆశ. దానికి పది పాసవ్వాలి. ఈసారీ తప్పితే తనతో పాటు అల్లం అంగట్లో మట్టి దులిపే పనికి రావాల్సిందేనని తల్లి యాదమ్మ తేల్చి చెప్పేసింది.

ముసలాయన పేరు జగ్గయ్య. పక్కనున్న కోహీర్‌లో అల్లం పండిస్తానని, బొంబాయికి పోయే బస్తాల మీద ఇంగ్లీషులో రాసుకోవాలని, నాలుగు ముక్కలు నేర్పమని వచ్చి కూర్చున్నాడు. పెద్దవాణ్ణి కాదనడానికి సదాశివకు నోరు రాలేదు.

ఆ రోజు నవ్వులు ఆగాక జగ్గయ్య బాలమణి వైపు తిరిగి, తనకు అర్థం కాలేదని, జర చెప్పమని బతిమాలాడు.

ఆమెకు జాలేసింది.

"తాతా, ఇంగ్లీషుల మర్యాద వేరే, లెక్క వేరే. నాయిన ఎంత పెద్దోడైనా ఒక్కడే," అంది మెల్లగా.

రెండు నెలల్లో సదాశివ ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

మర్నాడు జగ్గయ్య అల్లాన్ని 'జింజర్స్' అన్నాడు. ఇరవై బస్తాలుంటే బహువచనం ఎందుకు కాదని వాదన కూడా పెట్టుకున్నాడు. ఈసారి బాలమణి లేచి నిలబడింది.

"బస్తాలను లెక్కపెడతం తాతా. అల్లాన్ని తూకమేస్తం. లెక్కపెట్టని దానికి ఎస్ ఎట్ల పెడతవ్?"

ఇక అక్కణ్ణుంచి రోజుకో తప్పు. ఒకనాడు పిల్లల్ని 'చైల్డ్స్' అన్నాడు. ఇంకోనాడు ఎద్దుల్ని 'ఆక్సెస్' అన్నాడు. బాలమణి నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ దిద్దేది. నెల తిరిగేసరికి గదిలో అందరికంటే ముందు ఆమె చెయ్యే లేచేది. కాగితం మీద ఖాళీలు మాయమయ్యాయి. సదాశివ మీసం దువ్వుకున్నాడు. తన పాఠం మహిమ మరి.

పరీక్షలు మూడు వారాలున్నాయనగా ఆయన ఓపిక అయిపోయింది.

"పెద్దమనిషీ, నెలన్నర అయింది. మీకు ఒక్క ముక్క ఎక్కలేదు. మీ తప్పులు నా పిల్లలకు అంటుకుంటయి. రేపట్నుంచి రావద్దు."

అందరి ముందే అనేశాడు.

బాలమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. జగ్గయ్యకు మాత్రం కోపం రాలేదు. మంచిది సార్ అని లేచి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, పోతూ పోతూ ఆమె దగ్గర ఆగాడు.

"గట్టిగ చెప్పు బిడ్డా. తప్పైతే ఏమైతది? నేను రోజూ చెప్పలేదా? నాకేమైంది, ట్యూషన్ బందైంది, గంతే."

ఎండాకాలం చివర్లో రిజల్టు వచ్చింది. ఇంగ్లీషులో బాలమణికి అరవై ఎనిమిది.

ముందు తాతకు చెప్పాలంది. సదాశివ కూడా దూద్‌పేడాల పొట్లం పట్టుకుని బయలుదేరాడు. ముసలాయన్ని మళ్లీ రమ్మంటానని, ఈసారి ఎట్లాగైనా ఆయన బుర్రకు ఇంగ్లీషు ఎక్కిస్తానని బస్సులో దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు.

కోహీర్‌లో తలుపు తీసింది జగ్గయ్య భార్య అనంతమ్మ. ఆయన పోయి పన్నెండు రోజులైందని చెప్పింది.

బాలమణి గడప మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చేతిలో ఉన్న పొట్లం ఎక్కడ పెట్టాలో సదాశివకు తెలియలేదు.

ఏడుస్తున్న పిల్ల పేరు అడిగి తెలుసుకుని, అనంతమ్మ లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చింది. తన బిడ్డకు అన్నీ వచ్చని, భయంతో నోరు తెరవదని అల్లం అంగట్లో యాదమ్మ ఎవరితోనో చెప్పుకుని ఏడుస్తుంటే జగ్గయ్య చెవిన పడిందట. ఆ మర్నాడే ఆయన ట్యూషన్‌కు బయలుదేరాడట.

సదాశివ పేజీలు తిప్పాడు. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఎడమవైపు పేజీల్లో ఏ రోజు పాఠం ఆ రోజు రాసి ఉంది, ఒక్క తప్పు లేదు. కుడివైపు తేదీలు వేసి, ఒక్కో తేదీ కింద ఒక్కో తప్పు. ఫాదర్ ఆర్, జింజర్స్, చైల్డ్స్, ఆక్సెస్. అన్నీ తను రాసి కొట్టేసినవేనని, అదే బెంచీ మీంచి తాత చూశాడని బాలమణికి అర్థమైంది.

ఇంత వచ్చినాయన తన దగ్గరికి నేర్చుకోవడానికి ఎందుకు వచ్చాడని గొణిగాడు సదాశివ.

అనంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ముప్పై ఏండ్లు కాలేజీల ఇంగ్లీషు చెప్పిన్రు సార్, మీ కాడ ఎక్కడ నోరుజారి ఒప్పు చెప్తనోనని రోజూ పొద్దుగాల ఈ తప్పులు బట్టీ పట్టేటోళ్లు."