సొంత వాక్యం

సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకి అందరికంటే ముందు వచ్చేది టైలర్ ఆంటీయే. మాస్టారు ఇంకా బోర్డు తుడుస్తుండగానే వచ్చి, కిటికీ పక్క చివరి బెంచీలో కూర్చునేది.

"అంత వెనక బోర్డు కనబడదేమో, ముందుకి రండాంటీ," అనేవాడు మాస్టారు. ఈ బ్యాచ్‌తోనే అక్కడ కొత్తగా చేరాడు.

"ఇక్కడే బాగుంది సార్."

పగలంతా ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు తప్ప మరో అలికిడి ఉండదు. తలుపు తాళం వేసేదీ తనే, తీసేదీ తనే. "ఈ వయసులో నీకు ఇంగ్లీషెందుకొదినా? ఎవరితో మాట్లాడతావు?" అని ఆడపడుచు ఫోన్లో దెప్పింది. నిజమే, మాట్లాడ్డానికి ఎవరున్నారు గనక! అయినా మానలేదు. పొద్దు వాలేసరికి కాళ్ళు వాటంతటవే ఇటు లాక్కొచ్చేవి. ఇక్కడైతే నలుగురి గొంతులు చెవిన పడతాయి.

ఆ రోజు మాస్టారు బోర్డు మీద ఓ ఇంగ్లీషు జాతీయం రాశాడు. 'ఫాలో ఇన్ సమ్‌వన్స్ ఫుట్‌స్టెప్స్.'

"అంటే ఒకరి అడుగుజాడల్లో నడవడం. తాత చేసిన పని తండ్రి, తండ్రి చేసిన పని కొడుకు అందుకుంటారు చూడండి, అలాంటి చోట వాడతాం. ఏదీ, తలా ఒక సొంత వాక్యం చెప్పండి."

డ్రైవర్ లేచి, నాన్న అడుగుజాడల్లోనే స్టీరింగ్ పట్టానన్నాడు. నర్సు వాళ్ళమ్మని తలుచుకుంది. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

ఆంటీ వంతు వచ్చింది. లేచి నిలబడి, పెదాలు తడుపుకుంది.

"ఐ యామ్ ఫాలోయింగ్ ఇన్ మై డాటర్స్ ఫుట్‌స్టెప్స్."

ఎక్కడా తడబడలేదు. అయినా క్లాసంతా గొల్లుమంది.

మాస్టారూ నవ్వాపుకోలేకపోయాడు. "గ్రామర్ భేషుగ్గా ఉందాంటీ, అర్థమే తలకిందులైంది! అమ్మ వెనక కూతురు నడవాలి గానీ, కూతురి వెనక అమ్మేంటి?"

"మా అమ్మాయి పోయినేడు ఇక్కడే నేర్చుకుంది సార్. ఈ బెంచీలోనే కూర్చునేది."

"ఓహో, అదా సంగతి! అయితే ఈపాటికి మంచి ఉద్యోగమే కొట్టేసి ఉంటుంది. మిమ్మల్ని ఒక్కర్నీ వదిలేసి ఏ ఊరు చెక్కేసిందేమిటి? ఎంత దూరం వెళితే మాత్రం, మీ వెనక వచ్చిన పిల్లే కదా!"

 నవ్వులు సద్దుమణిగేదాకా ఆంటీ అలాగే నిలబడింది.

"రావడం నా వెనకే వచ్చింది సార్... పోవడమే నాకంటే ముందు పోయింది."